పెట్టపోలి చిరునామాకు వచ్చిన పంచ్

1632 సెప్టెంబరులో రాబర్ట్ ఆడమ్స్ అనే ఇంగ్లీషువాడు ఒక ఉత్తరం రాశాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న మనిషి. ఉత్తరం చేరవలసింది కాలీ అనే వర్తకుడికి, ఆ వర్తకుడు ఉండేది పెట్టపోలిలో. నీకు మంచి తోడు దొరికిందని విని సంతోషించాను, కలిసి ఇంటిని చక్కగా నడుపుకోండి, పంచ్ మాత్రం కొలత పెట్టుకోకుండా తాగండి అని అందులో ఒకచోట రాశాడు. స్నేహితుడి క్షేమం కోరుతూ రాసిన ఆ ఒక్క వాక్యం చరిత్రలో నిలిచిపోయింది. ఇప్పటిదాకా దొరికిన కాగితాల్లో పంచ్ అనే పానీయం ప్రస్తావన ఇంగ్లీషులో కనబడేది అక్కడే మొదటిసారి.

పెట్టపోలి అంటే మన నిజాంపట్నమే. బాపట్ల జిల్లాలో, ఈరోజు చేపల రేవుగా, చుట్టూ రొయ్యల చెరువులతో ఉన్న ఊరు. పెద్దపల్లి అనే పేరు ఇంగ్లీషువాళ్ల నోట నలిగి అలా అయింది. ప్రపంచంలో ఏ పెద్ద హోటల్లో కాక్‌టెయిల్ పట్టిక తెరిచినా, దానిలో సగం పానీయాలు పంచ్ సంతతివే. ఆ వంశవృక్షంలో చేత్తో రాసిన మొదటి చిరునామా కృష్ణా డెల్టా అంచున ఉన్న ఒక తెలుగు రేవుది. ఈ సంగతి తెనాలిలో, రేపల్లెలో, బాపట్లలో పిల్లలకు తెలియాలని నాకు గట్టిగా ఉంది.

ఆడమ్స్ ఆ పానీయం ఏమిటో వివరించలేదు. అందులో ఏమేం కలుపుతారో చెప్పలేదు. అంటే అప్పటికే ఇద్దరికీ అది బాగా తెలిసిన వస్తువు. కాబట్టి 1632 పంచ్ పుట్టిన సంవత్సరం కాదు, మనకు కనబడిన సంవత్సరం. ఎవరు మొదట కలిపారు, ఏ ఓడ మీద కలిపారు అన్నదానికి సాక్ష్యం లేదు. అయితే ఎందుకు కలపవలసి వచ్చిందో మాత్రం ఆ కాలపు ఓడల సరుకు చూస్తే అర్థమవుతుంది.

ఇంగ్లండు నుంచి బయలుదేరిన ఓడలో నావికుడి దాహానికి పీపాల్లో బీరు, వైన్ ఉండేవి. నెలల తరబడి ప్రయాణం. భూమధ్యరేఖ దాటేసరికి ఎండకు బీరు పులిసిపోయేది, వైన్ పాడయ్యేది. ఇక్కడి రేవులకు చేరాక చేతికి దొరికేది సారా. తాటికల్లు, కొబ్బరికల్లు, బెల్లపు ఊట, బియ్యం, ఏది దొరికితే దాన్ని బట్టీ పెట్టి దించినది. ఘాటు ఎక్కువ, వాసన అంతకంటే ఎక్కువ. ఉన్నదున్నట్టు తాగితే గొంతు మండుతుంది. దానికి నీళ్లు కలపాలి. నీళ్లు కలిపితే చప్పబడుతుంది కాబట్టి పులుపు కావాలి, పులుపుకు తీపి కావాలి, ఆ వాసన అణగడానికి ఏదైనా మసాలా కావాలి. నిమ్మకాయలు, పంచదార ఈ దేశంలో ప్రతి సంతలోనూ ఉన్నవే. జాజికాయ మాత్రం తూర్పు దీవుల నుంచి రావాలి.

జాజికాయ దగ్గర కాస్త ఆగాలి. అసలు ఇంగ్లీషువాళ్లు నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు వచ్చిన కారణమే దానితో ముడిపడి ఉంది. జాజికాయ పండే బాందా దీవుల్లో, లవంగం పండే మలుకు దీవుల్లో ఇంగ్లండు ఉన్నిబట్టలు అడిగే నాథుడు లేడు. అక్కడివాళ్లు కోరింది కోరమండల్ తీరపు అద్దకం బట్టలను, నూలు బట్టలను. మన నేతగాళ్ల గుడ్డ చేతిలో ఉంటేనే మసాలా దొరికేది. 1611లో కెప్టెన్ హిప్పన్ నడిపిన గ్లోబ్ ఓడ మొదట పెట్టపోలిలో ఆగి, తర్వాత మచిలీపట్నం వెళ్లింది అందుకే. రాజ్యం గోల్కొండది. ఆడమ్స్ ఉత్తరం రాసిన 1632లోనే అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషువాళ్లకు బంగారు ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాలు కట్టి తన రేవుల్లో వ్యాపారం చేసుకొమ్మని. మసాలాలు, బట్టలు, సారా, నిమ్మ, పంచదార ఒకే రేవులో కలిశాయి. ఒక గిన్నెలో కలవడానికి ఇక ఎంతసేపు?

అదే సమయంలో దక్కను మీద 1630–32 కరువు నడుస్తోంది. నేతగాళ్లు వేలల్లో చచ్చిపోయిన కాలం. రేవులో ఇంగ్లీషువాళ్ల వ్యాపార కోఠీలో పంచ్ కొలత లేకుండా తాగమన్న మాట చదివినప్పుడు, కోఠీ గోడ అవతల ఏం జరుగుతోందో కూడా గుర్తు పెట్టుకోవడం న్యాయం.

ఆ తర్వాత సాక్ష్యాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 1638లో సూరత్‌లో ఉన్న జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో, అక్కడి ఇంగ్లీషువాళ్లు మద్యంలో పన్నీరు, పుల్లని పండ్ల రసం, పంచదార కలుపుకొని తాగుతున్నారని రాశాడు. 1660ల్లో బెంగాల్ చూసిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, బెల్లం సారాలో నిమ్మరసం, నీళ్లు, కాస్త జాజికాయ తురుము వేసి చేస్తారని, నాలుకకు హాయిగానే ఉన్నా ఒంటికి చేటని హెచ్చరించాడు. 1670ల్లో పడమటి తీరంలో తిరిగిన వైద్యుడు ఫ్రయర్, అయిదు వస్తువులు కలుస్తాయి కాబట్టి దీనికి ఆ పేరు వచ్చిందన్నాడు. పేరు సంగతి పండితులు ఇంకా తేల్చుకోలేదు. అయిదు వస్తువుల సంగతిలో మాత్రం పేచీ లేదు: ఘాటు, పులుపు, తీపి, నీళ్లు, మసాలా.

ఈ అయిదింటిలో మొదటిది తీసేసి చూడండి. పులుపు, తీపి, నీళ్లు, మసాలా మిగులుతాయి. శ్రీరామనవమి నాడు మన పందిళ్లలో పంచే పానకంలో బెల్లం, నీళ్లు, మిరియాలు, యాలకులు ఉంటాయి. కొందరి ఇళ్లలో నిమ్మరసం పిండుతారు, శొంఠి వేస్తారు. మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామికి బిందెలతో పోసేదీ అదే, సగం స్వామికి, సగం మనకు ప్రసాదం. ఎండలో తిరిగినవాడికి తీపినీళ్లలో పులుపు, కారం కలిపి ఇవ్వాలన్న తెలివి ఈ నేల మీద ఓడలు రాకముందు నుంచీ ఉంది. పానకాన్ని చూసే పంచ్ కలిపారని చెప్పడానికి కాగితం ఏదీ లేదు, అలా అనను కూడా. కానీ కాక్‌టెయిల్‌కు ప్రాణం మద్యమని చాలామంది అనుకుంటారు. ఈ చరిత్ర చదివినకొద్దీ నాకు తోచేది వేరు. మద్యం అక్కడ సమస్య, మిగిలిన నాలుగూ దానికి కనిపెట్టిన విరుగుడు. కనిపెట్టినది ఆ విరుగుడే. అందుకే మద్యం తీసేసినా ఆ పానీయం నిలబడుతుంది. మిగిలిన నాలుగింటిలో ఏ ఒక్కటి తీసినా కూలిపోతుంది.

ఓడలు తిరిగి వెళ్లేటప్పుడు నావికులు పంచ్‌ను లండన్‌కు మోసుకుపోయారు. అక్కడ దాని దశ తిరిగింది. నిమ్మ, పంచదార, జాజికాయ ఇక్కడ సంత సరుకులు, అక్కడ ధనవంతుల సరుకులు. చైనా పింగాణీ గిన్నె నిండా పంచ్ కలిపి బల్ల మధ్యన పెడితే ఇంటివాడి హోదా అందరికీ తెలిసేది. 17వ శతాబ్దం ముగిసేలోగా పంచ్ అమ్మే ఇళ్లు వెలిశాయి. 1731లో జేమ్స్ ఆష్లీ లడ్‌గేట్ హిల్ మీద తెరిచిన దుకాణం వాటన్నిటిలో పేరు మోసింది. గిన్నెడు కొనలేనివాడికి చిన్న కొలతల్లో, కళ్లెదుటే కలిపి ఇవ్వడం ఆయన పద్ధతి. నేటి బార్‌లో మనిషి ఎదురుగా నిలబడి కలిపే అలవాటుకు అది ఒక మొదటి మెట్టు అనవచ్చు.

ఆ కాలపు పంచ్ చేతిపనిలో ఒక మెళకువ ఉంది, మన వంటిళ్లలోకి తప్పక రావలసినది. అప్పట్లో పంచదార పొడిగా కాక, గట్టి శంకువుల్లా వచ్చేది. దాన్నుంచి ఒక గడ్డ పగలగొట్టి, నిమ్మపండు తొక్కకేసి రుద్దేవారు. తొక్క పైపొరలో సూదిమొన అంత తైలపు తిత్తులుంటాయి. పంచదార గరుకుకు అవి చిట్లి, తైలం పంచదారలోకి దిగుతుంది. తెల్లని గడ్డ మెల్లగా పసుపురంగుకు తిరుగుతుంది, తడిసినట్టు మెరుస్తుంది. రసంలో పులుపు ఉంటుంది కానీ, నిమ్మ అనగానే మనకు గుర్తొచ్చే పరిమళం ఉండేది ఈ తైలంలోనే. మనం రోజూ రసం పిండుకొని ఆ పరిమళాన్ని చెత్తబుట్టలో పారేస్తున్నాం.

మన నిమ్మకు తొక్క మరీ పల్చన. తెనాలి, గూడూరు యార్డుల్లో బస్తాలకెత్తే కాయలన్నీ అలాంటివే. చెక్కబోతే రసం కారుతుంది. అందుకని తొక్క కోసం దబ్బకాయో, బత్తాయో, కమలాపండో తీసుకుంటే పని సులువు. బాగా కడిగి, పైపొర మాత్రం పలచగా చెక్కాలి. లోపలి తెల్లపొర చేదు, అది రాకూడదు. రెండు పండ్ల తొక్కకు 100 గ్రాముల పంచదార వేసి, పప్పుగుత్తితో నాలుగు నిమిషాలు మెదపండి. మూతపెట్టి ఒక గంట వదిలేయండి. మూత తీసేసరికి గింజ గింజగా ఉన్న పంచదార తడిఇసుకలా ఒదిగి ఉంటుంది, వంటిల్లంతా వాసన కమ్ముకుంటుంది. అందులో చిన్న టీ గ్లాసుకు తక్కువగా, 70 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి కరిగించి వడగడితే పాకం సిద్ధం. ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటుంది. దీని ముందు సీసాల్లో అమ్మే నిమ్మ ఎసెన్సులు దేనికీ పనికిరావు.

గిన్నెడు పంచ్ గ్లాసుడు కాక్‌టెయిల్ కావడానికి తొందరే కారణం. గిన్నె చుట్టూ గంటల తరబడి కూర్చునే తీరిక 18వ శతాబ్దం చివరికి తగ్గింది. ఒక్కడికి ఒక్క గ్లాసు, అప్పటికప్పుడు కలిపివ్వడం అలవాటైంది, ముఖ్యంగా అమెరికాలో. 1806 మే నెలలో న్యూయార్క్ రాష్ట్రం హడ్సన్ పట్టణంలో వెలువడే ఒక పత్రిక, పాఠకుడు అడిగిన ప్రశ్నకు జవాబుగా కాక్‌టెయిల్ అంటే మద్యం, పంచదార, నీళ్లు, చేదుమూలికల అర్కం అని వివరించింది. పులుపు స్థానంలో చేదు వచ్చింది, మిగతా చట్రం పంచ్‌దే. 1862లో జెర్రీ థామస్ అమెరికాలో అచ్చువేసిన మిశ్రమ పానీయాల పుస్తకంలో పంచ్‌లకే పెద్దపీట. తర్వాత వచ్చిన డైకిరి, జాన్ కాలిన్స్, మొహీతో వంటి వేసవి పేర్లన్నీ విప్పి చూస్తే ఘాటు, నిమ్మ, పంచదార, నీళ్లో సోడానో ఐసో, కొన్నిటికి పైన ఒక ఆకు. కాలీ గారి కాలపు గిన్నెలో ఉన్నవే దాదాపు అన్నీ.

ఈ పానీయాలకు రెండు వస్తువులు ఆలస్యంగా చేరాయి. ఒకటి ఐసు, రెండోది సోడా.

ఐసు కథ అందరికీ కొంత తెలిసిందే. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచును రంపాలతో కోసి, రంపపుపొట్టులో పొదిగి, 1833లో టస్కనీ అనే ఓడలో కలకత్తాకు పంపాడు. బయలుదేరినప్పుడు సుమారు 180 టన్నులు. నాలుగు నెలల ప్రయాణం ముగిసేసరికి 100 టన్నుల దాకా మిగిలింది. మద్రాసు సముద్రపుటొడ్డున ఆ మంచును దాచడానికి కట్టిన భవనం ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందుడు బస చేసిన ఐస్‌హౌస్ అదే.

సోడా కథలో రసం ఎక్కువ. 1767లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే మతబోధకుడు లీడ్స్ పట్టణంలో ఒక బీరు కార్ఖానా పక్కన కాపురం పెట్టాడు. పులుస్తున్న తొట్ల మీద ఒక బరువైన గాలి పేరుకొని ఉండటం, అందులోకి దీపం దించితే ఆరిపోవటం చూశాడు. ఆ గాలిలో రెండు గిన్నెలు పట్టుకొని, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నీళ్లు ధారగా పోశాడు. హోటల్లో టీ మాస్టరు టీ తిరగబోసినట్టే. కాసేపటికి నీళ్లు నాలుకను చురుక్కుమనిపించాయి. 1772లో సుద్ద, గంధకామ్లంతో ఆ గాలిని తయారుచేసి నీళ్లలో పట్టించే విధానం చిన్న పుస్తకంగా వేశాడు. నావికులను పీడించే స్కర్వీకి అది మందవుతుందని ఆశించాడు. కెప్టెన్ కుక్ రెండో సముద్రయాత్ర ఓడలకు ఆ పరికరం ఇచ్చారు కూడా. సోడాకు ఆ గుణం లేదు. ఆ గుణం ఉన్నది నిమ్మజాతి పండ్లకే అని 1747లోనే జేమ్స్ లిండ్ అనే నౌకావైద్యుడు రోగుల మీద పరీక్షించి చూపినా, బ్రిటిష్ నౌకాదళం దాన్ని పూర్తిగా అమలు చేసింది 1795లో. మనం గ్లాసులో నిమ్మరసం పిండి సోడా పోసుకుంటున్నామంటే, పనిచేసిన మందును, పనిచేయని మందును కలిపి తాగుతున్నామన్నమాట. రెండూ కలిస్తే ఎంత బాగుంటాయో వేరే చెప్పాలా!

ప్రీస్ట్‌లీ తన పని మీద పైసా సంపాదించలేదు. జెనీవాలో జేకబ్ ష్వెప్ 1783లో దాన్ని వ్యాపారం చేశాడు. సీసాలో గాలి నిలవడమే అందరికీ తలనొప్పి. దానికి 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు కనిపెట్టిన ఉపాయం మన గోలీసోడా. సీసా మెడలో ఒక గాజుగోలీ, మూతి దగ్గర రబ్బరు చుట్టు. సీసాను తలకిందులుగా పట్టి నింపుతారు. గోలీ బరువుకు మూతి దగ్గరికి జారుతుంది. సీసాను నిలబెట్టాక లోపలి గాలే గోలీని రబ్బరుకేసి నొక్కి పడుతుంది. బయటికి పోవాలని తోసేకొద్దీ ఆ గాలే తలుపు మూస్తుంది. బొటనవేలితో గోలీని కిందికి నొక్కగానే కీచుమని తెరుచుకుంటుంది. మెడలో నొక్కులు ఉన్నది అలంకారానికి కాదు. తాగేటప్పుడు గోలీ ఆ నొక్కులో ఆగుతుంది, మూతికి అడ్డుపడదు. ఇంగ్లండులో ఈ సీసా ఎప్పుడో మూలపడింది. మన ఊళ్లలో బతికింది.

గోదావరి డెల్టాలోని రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు 1919లో మొదలుపెట్టిన సోడా వ్యాపారమే తర్వాత ఆర్టోస్ అయింది. శతాబ్దం దాటినా గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో ఆ రంగు సీసా కనబడుతోంది. బహుళజాతి కంపెనీల నడుమ ఒక చిన్న ఊరి పానీయం నిలదొక్కుకోవడం గర్వించవలసిన విషయం.

ఇక ఇంట్లో కలుపుకోవడం. కరీబియన్ దీవుల్లో పంచ్‌కు ఒక పాత లెక్క ఉంది: పులుపు ఒక వంతు, తీపి రెండు, ఘాటు మూడు, నీళ్లు నాలుగు. నలుగురికి చాలాలంటే 60 మిల్లీలీటర్ల నిమ్మరసం, పైన చెప్పిన పాకం 120, నీళ్లో సోడానో 240. ఘాటు వంతు 180 మిల్లీలీటర్లు మన ఇష్టం. 45 డిగ్రీల ఎండలో దాహానికి మద్యం పనికిరాదు. అది ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపేస్తుంది. వేసవికి పంచ్ కావాలంటే ఆ చోటులో రుచిలో బలం ఉన్నదేదైనా పోయాలి. చల్లారిన చిక్కటి టీ డికాక్షన్ చక్కగా సరిపోతుంది. 18వ శతాబ్దపు పంచ్‌లలోనూ టీ పోసేవారు. నేరేడు రసం ఇంకా బాగుంటుంది, దాని వగరు అచ్చం మద్యం చేసే పని చేస్తుంది. రాయలసీమవాళ్ల నన్నారి అయితే పాకం సగానికి తగ్గించండి, షర్బత్‌లోనే బోలెడు తీపి ఉంటుంది. బంగినపల్లి గుజ్జు వేసినా అంతే. పుచ్చకాయ రసం ఒక్కటి పలచబడి తేలిపోతుంది, దానికి నీళ్లు సగం తగ్గించి చిటికెడు ఉప్పు, నాలుగు మిరియాల గింజల పొడి వేయాలి.

మసాలా మరిచిపోవద్దు, అందరూ మరిచిపోయేది అదే. జాజికాయను అప్పటికప్పుడు గ్లాసు మీద రెండు గీతలు గీస్తే చాలు, ఎక్కువైతే చేదు. పానకపు రుచి కావాలంటే పంచదారకు బదులు బెల్లం, జాజికాయకు బదులు యాలకులు, శొంఠి.

సోడా విషయంలో జాగ్రత్త ఒక్కటే. నీళ్లు చల్లగా ఉంటేనే గాలిని పట్టి ఉంచుతాయి. 20 డిగ్రీల దగ్గర పట్టేదానికి దాదాపు రెట్టింపు 0 డిగ్రీల దగ్గర పడుతుంది. కాబట్టి రసం, పాకం, గ్లాసులు, సోడా సీసా అన్నీ ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. మిగతావన్నీ కలిపి రుచి చూసి, ఐసు వేసి, సోడాను చివర్లో గ్లాసు అంచు వెంట పోయండి. చెంచాతో ఒక్కసారి కింది నుంచి పైకి ఎత్తి వదిలితే చాలు. గిరగిరా తిప్పితే సీసాలో ఉన్న గాలంతా గదిలోకి పోతుంది.